మద్దెల నిజంగానే ఓడైతే

ప్రోగ్రాములు పెట్టే నిర్వాహకులకు, హాళ్లు నడిపేవాళ్లకు, మిక్సర్ దగ్గర కూర్చునే సౌండ్ మిత్రులకు,

నమస్కారం.

నేనొక వారాంతపు గిటారిస్టుని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో లెక్కలు చూసుకుంటాను. శనివారం వచ్చిందంటే మరో నలుగురితో కలిసి, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లి వాయిస్తాను. పదమూడేళ్లుగా ఇదే వరస. మీ పోస్టర్ మీద మా బ్యాండ్ పేరు ఎప్పుడైనా ఉంటే అది అడుగున, స్పాన్సర్ల బొమ్మలకి కాస్త పైన, కళ్లు చికిలించి చూస్తే కనపడే సైజులో ఉండి ఉంటుంది. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు.

ఈ మధ్య ఒక ప్రోగ్రామ్ అయ్యాక నిర్వాహకుడొకరు నా భుజం తట్టి, "బాగానే వాయించారు గానీ, సౌండ్ ఏంటండీ అలా ఉంది? పాట ఒక్క ముక్క వినపడలేదు, గిటార్ మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగింది" అన్నారు. నేను కారణం చెప్పబోయాను. రెండు మాటలన్నానో లేదో ఆయన మొహంలోకి ఓ చిరునవ్వు వచ్చేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వరస, అనే చిరునవ్వు. ఇంకేం మాట్లాడతాను? నోరు మూసుకుని కేబుళ్లు చుట్టుకున్నాను. ఇంటికొచ్చే దారంతా ఒకటే ఆలోచన. ఆడలేనివాడు మద్దెలని తిట్టాడు, సరే. కానీ ఏదో ఒక రోజు మద్దెలకి నిజంగానే చిల్లు పడి ఉంటుంది కదా. ఆ రోజు చెప్పుకుంటే వినేదెవరు?

ఆ రోజు గురించే ఈ ఉత్తరం.

మీ కార్డు మీద "రాత్రి 8 గంటలకు" అని ఉంటుంది. మేం వాయించేది ముప్పావుగంట. దానికి నా పని శుక్రవారం రాత్రే మొదలవుతుంది. గిటార్ స్ట్రింగ్స్ ప్రోగ్రామ్ రోజే మారిస్తే కొత్త తీగలు సాగుతూ పాటపాటకీ శ్రుతి దిగిపోతాయి. వారం ముందు మారిస్తే చెమటకి మొద్దుబారిపోతాయి. అందుకని ముందు రోజు రాత్రి మార్చి, ఒక్కో తీగనీ వేళ్లతో లాగి, ట్యూన్ చేసి, మళ్లీ లాగి, ఇక కదలనని అది మొండికేసేదాకా కూర్చుంటాను. శనివారం పొద్దున కేబుళ్లన్నీ పరీక్ష చేస్తాను. జాక్ దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచితే చిటపటమన్నదాన్ని పక్కన పడేస్తాను. ఇంట్లో చిటపటమన్నది స్టేజీ మీద చచ్చిపోతుంది, అందులో అనుమానం లేదు.

నా సంచీ విప్పి చూపిస్తే మీకు నవ్వొస్తుంది. రెండు సెట్ల స్ట్రింగ్స్, ఆరు మీటర్ల కేబుళ్లు మూడు, 9 వోల్టుల బ్యాటరీలు, ఆంప్‌కి (గిటార్ చప్పుడుని పెంచి వినిపించే పెట్టెకి) ఫ్యూజులు, చిన్న టార్చి, స్క్రూడ్రైవర్, గాఫర్ టేపు, పాటల కాగితం ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు నాలుగు. వీటిలో ప్రతిదాని వెనకా ఓ అవమానం ఉంది. బ్యాటరీలదైతే మరీను. అకూస్టిక్ గిటార్‌లో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ లోపలున్న ప్రీఆంప్, అంటే సన్నటి సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్, బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. ఓసారి సౌండ్ చెక్ తర్వాత జాక్ తీయడం మర్చిపోయాను. మా వంతు వచ్చేసరికి నాలుగు గంటలు గడిచాయి. రెండో పాట మధ్యలో గిటార్ ముందు గరగరమంది, తర్వాత సన్నగా మూలిగింది, ఆ తర్వాత మరి మాట్లాడలేదు. అందులో ఉన్నది పాత బ్యాటరీ. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా కొత్త బ్యాటరీ, దాంతోపాటు జాక్ పీకే అలవాటు రెండూ నా వెంట ఉంటాయి.

వైర్‌లెస్ కొనుక్కోవచ్చు కదా అంటారు చాలామంది. కొన్నాను. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేది. ఖాళీ హాల్లో భేషుగ్గా పనిచేసింది. జనం వచ్చి కూర్చున్నాక, అందరి జేబుల్లో ఫోన్లు, గోడ మీద వైఫై, పైగా ఆ ఫ్రీక్వెన్సీ అంటే మనుషుల ఒంట్లోని నీరు పీల్చేసుకునేదే, మూడో పాటకల్లా సిగ్నల్ తెగడం మొదలైంది. మళ్లీ కేబుల్‌కే వచ్చేశాను. ఆరు మీటర్ల దూరం దాటి గెంతే వయసు కూడా కాదనుకోండి.

చెప్పొచ్చేదేంటంటే, నా చేతుల్లో ఉన్నవాటికి నేనే జవాబుదారీ. ఒకటి పోతే రెండోది సంచీలో ఉంటుంది. రెండే రెండు మాత్రం నేను సంచీలో వేసుకు రాలేను. కరెంటు, టైము. ఆ రెండూ మీరే ఇవ్వాలి.

ముందు కరెంటు సంగతి.

ఒకసారి ఓ హాల్లో సాయంత్రం ఆరింటికి అన్నీ కలిపి మిక్సర్ ఫేడర్ (సౌండ్ పెంచే మీట) పైకి జరపగానే "మ్మ్మ్..." అని గుయ్యిమన్న చప్పుడు. తేనెతుట్టె స్పీకర్లో పెట్టినట్టుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట ఆ హమ్ కూడా 50లోనూ దాని రెట్టింపు 100లోనూ వినపడుతుంది. పాశ్చాత్య సంగీతంలో జీ (G) అనే స్వరం 49 దగ్గర, 98 దగ్గర ఉంటుంది. అంటే మేం జీలో పాడే పాటకి ఆ హమ్ అపశ్రుతిలో తంబూరా వేస్తుందన్న మాట, ఓ మూడో వంతు సెమీటోన్ (పక్కపక్క స్వరాల మధ్య దూరం) ఎక్కువలో. చెవి ఉన్నవాడికి అంతకన్నా నరకం లేదు.

ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాం. గిటార్ జాక్ పీకాం, పోలేదు. బేస్ పీకాం, పోలేదు. మైకులు ఒక్కొక్కటే మ్యూట్ చేశాం, పోలేదు. కీబోర్డ్ పీకగానే టక్కున ఆగింది. మళ్లీ గుచ్చితే మళ్లీ మొదలు. కీబోర్డ్ పాడైందేమోనని మా వాడి మొహం పాలిపోయింది. అప్పుడు చూశాం, కీబోర్డ్‌తో పాటు వాడి ల్యాప్‌టాప్ కూడా మిక్సర్‌కి కలిపి ఉంది. దాని చార్జర్ స్టేజీ వెనక గోడ సాకెట్‌లో ఉంది, మిక్సరేమో హాలు చివర వేరే బోర్డు మీద ఉంది. రెండు బోర్డుల ఎర్త్ మధ్య చిన్న తేడా. ఆ తేడా ఆడియో కేబుల్ పైతొడుగు గుండా తిరుగుతూ హమ్‌గా వినిపిస్తోంది. చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపితే హాలు నిశ్శబ్దం. సరైన వైద్యం ఏంటంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టడం, దాని మీద ఆడియో కేబుల్ ఎర్త్‌ని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కడం. ఆ రోజు బాక్స్ లేదు, బ్యాటరీతోనే గట్టెక్కాం.

ఇది కనిపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈ నలభై నిమిషాలూ మేం మా పాట ఒక్కటి కూడా వాయించలేదు. దూరం నుంచి చూసేవాళ్లకి, నలుగురు మనుషులు వైర్లు పీకుతూ గుచ్చుతూ కాలక్షేపం చేస్తున్నట్టు ఉండి ఉంటుంది. స్టేజీకీ మిక్సర్‌కీ ఒకే లైన్ నుంచి కరెంటు ఇచ్చి, లైట్లకి వేరే లైన్ ఇచ్చి ఉంటే ఆ హమ్ పుట్టేదే కాదు. డిమ్మర్ లైట్లు కూడా ఇదే బాపతు. లైట్ తగ్గించగానే నా గిటార్‌లోని సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్ట) జుయ్యిమంటుంది. నేను పక్కకి తిరిగితే తగ్గుతుంది, జనం వైపు తిరిగితే పెరుగుతుంది. ప్రోగ్రామంతా ఓ పక్కకి తిరిగి వాయిస్తే, "ఆ గిటారిస్టుకి పొగరు, జనం మొహం చూడడు" అన్నారట ఎవరో.

హమ్ అయితే చెవికే బాధ. ఇప్పుడు చెప్పబోయేది ప్రాణం సంగతి.

మరో చోట, సౌండ్ చెక్‌లో మైకు దగ్గరికి వెళ్లి పెదవి తాకించగానే జిల్లుమంది. చీమ కుట్టినట్టు. ఎడమ చెయ్యి గిటార్ తీగల మీద ఉంది. గిటార్ తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఆ రెండిట్లో ఒకటి తేడాగా ఉందంటే మధ్యలో వైరు మనమే. వెంటనే వెనక్కి తగ్గి చెప్పాను. అక్కడున్న ఎలక్ట్రీషియన్ నవ్వి, "ఏం కాదు సార్, కొత్త మైకు కదా" అన్నాడు. కొత్త మైకుకీ షాక్‌కీ సంబంధమేంటో ఇప్పటికీ తెలీదు. గట్టిగా అడిగేసరికి కటింగ్ ప్లేయర్ తీసుకుని నా ఆంప్ ప్లగ్గుకున్న మూడో పిన్ను, అదే ఎర్త్ పిన్ను, విరిచేయబోయాడు. "దీన్ని తీసేస్తే షాక్ రాదు, హమ్ కూడా పోతుంది" అని.

హమ్ పోయే మాట నిజమే. ఆ పిన్ను లేకపోతే ఆంప్ లోపల ఎప్పుడైనా లైన్ వైరు ఊడి ఇనప బాడీకి తగిలిందంటే ఆ కరెంటు పోవడానికి మిగిలే దారి నా ఒళ్లే. మిత్రులారా, దయచేసి ఈ వైద్యం ఎవరు చేస్తున్నా చెయ్యి పట్టుకుని ఆపండి. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీద ఎర్తింగ్ సరిగా లేని మైకుని ముట్టుకుని, జనం చూస్తుండగానే చనిపోయాడు. 27 ఏళ్ల కుర్రాడు. అప్పటికే పేరున్న బ్యాండు, పేరున్న హాలు. మావి అంతకన్నా చిన్న స్టేజీలు, అంతకన్నా తొందరగా కట్టిన వైరింగులు.

ఆ రోజు నేను వాయించనని చెప్పేశాను. పెద్ద గొడవైంది. "ఇన్ని ప్రోగ్రాములు జరిగాయి, ఎవరికీ రాని షాక్ మీకే వచ్చిందా?" అన్నారు. గాయకులొక్కళ్లే వస్తే వాళ్ల చేతిలో ఎర్త్ అయిన తీగలుండవు కదండీ, వాళ్లకెందుకు వస్తుంది? నోటికి తగలకుండా మైకుకి ఫోమ్ తొడుగు వేసుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. చివరికి వేరే గదిలోంచి లైన్ లాగితే అరగంట ఆలస్యంగా మొదలైంది. ఆలస్యానికి కారణం బ్యాండు అని మైకులో చెప్పారు. పోనివ్వండి.

నేను అడుగుతున్నది చిన్న పని. ప్రోగ్రామ్ ముందు రోజు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ స్టేజీ లైనుకి ఉందో లేదో అడగండి. అది మాటిమాటికీ పడిపోతోందని బైపాస్ చేసినవాళ్లని చూశాను. అది పడుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ రీలు వాడేటప్పుడు మొత్తం విప్పి వాడమనండి, చుట్టలో ఉన్న వైరు మీద లోడ్ పడితే వేడెక్కి కరిగిపోతుంది. నేనైతే మూడు లైట్లు వెలిగే చిన్న సాకెట్ టెస్టర్ ఒకటి కొనుక్కుని సంచీలో వేసుకున్నాను. అది తప్పులన్నీ పట్టదు. అయినా హాల్లోకి రాగానే నేను చేసే మొదటి పని ఇప్పుడు దాన్ని సాకెట్‌లో గుచ్చడమే. ఇదేదో శకునం చూస్తున్నాడనుకుంటారు చూసేవాళ్లు.

ఇక టైము.

సౌండ్ చెక్ అంటే "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అనుకుంటారు చాలామంది. అది మైకు బతికుందో లేదో చూడటం. మా భాషలో లైన్ చెక్. పది నిమిషాల పని. సౌండ్ చెక్ అంటే అందరూ కలిసి, అసలు ప్రోగ్రామ్‌లో వాయించేంత గట్టిగా, కనీసం రెండు పాటలు వాయించి చూడటం. డ్రమ్ములు ఒక్కటే మోగితే బాగుంటాయి, గొంతు ఒక్కటే అయితే బాగుంటుంది. కలిశాకే తెలుస్తుంది, ఎవరు ఎవరి మీద కూర్చున్నారో.

స్టేజీ మీద మాకు వినపడేది, కింద మీకు వినపడేది ఒకటి కాదని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. పెద్ద స్పీకర్లు మాకు ముందు, మీ వైపు తిరిగి ఉంటాయి. మాకు వినపడేది వాటి వెనక నుంచి కారే బురబుర, హాలు వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి దాదాపు మూడు మిల్లీసెకన్లు. వెనక గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే మా డ్రమ్మర్ కొట్టిన దెబ్బ వెళ్లి తిరిగి రావడానికి నూట పదహారు మిల్లీసెకన్లు దాటుతుంది. వేగంగా నడిచే పాటలో అది మరో దెబ్బ కిందే లెక్క. దాన్ని విని తాళం పట్టుకున్న గాయకుడు వెనకబడతాడు, వాడిని చూసి డ్రమ్మర్ తగ్గిస్తాడు, పాట ఈడుస్తుంది. మా కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్ పెట్టమని అందుకే బతిమాలుతాం. డాబు కోసం అడగట్లేదు.

ఆ మానిటర్ కూడా పెట్టాల్సిన చోట పెట్టాలి. గాయకులు వాడే మామూలు కార్డియాయిడ్ మైకు ముందు నుంచి బాగా వింటుంది, సరిగ్గా వెనక నుంచి దాదాపు వినదు. కాబట్టి మానిటర్ మైకు తోకకి ఎదురుగా ఉండాలి. దాన్ని పక్కన ఎక్కడో పెట్టి సౌండ్ పెంచితే కుయ్యిమని కూస్తుంది. మైకు తలకాయని గుప్పిట్లో మూసి పాడే అలవాటున్న గాయకులకి ఓ మాట: అలా మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, ఇంకా కూస్తుంది. మా గాయకుడికి ఈ మాట నేను చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇక్కడ బహిరంగంగా రాస్తే అయినా వింటాడేమోనని ఆశ.

ఆ రోజు భుజం తట్టిన నిర్వాహకుడి ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. మమ్మల్ని అయిదింటికి రమ్మన్నారు, వచ్చాం. స్టేజీ మీద ఫ్లెక్సీ కడుతున్నారు. ఆరింటికి సామాను పెట్టనిచ్చారు. ఆరున్నరకి డాన్స్ పిల్లలు రిహార్సల్ కోసం ఎక్కారు. పిల్లలు కదా, ఏమంటాం, పక్కకి జరిగాం. ఏడుంబావుకి ముఖ్య అతిథి త్వరగా వచ్చేశారు, ఉపన్యాసం మొదలైంది. మా వంతు వచ్చేసరికి సౌండ్ కుర్రాడు ఒక్కొక్కళ్లకీ చెయ్యి ఊపి "వాయించండి వాయించండి" అన్నాడు. మొదటి పాటే మా సౌండ్ చెక్. జనం ముందు. నా గిటార్ నాకే వినపడక ఆంప్ పెంచాను. నేను పెంచానని బేస్ వాడు పెంచాడు. గొంతు మునిగిపోయింది. మైకు పెంచబోతే కూత. మీకు చెవులు చిల్లులు పడింది అలాగ.

ఇందులో నా తప్పు లేదని అనను. గిటారిస్టుల జాతికే ఒక జబ్బుంది. ఆంప్ నేల మీద పెడతాం, అది మన మోకాళ్లకి వాయిస్తుంది, ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాన వాయిస్తుంది, మన చెవికి మాత్రం చేరదు. చేరలేదు కదాని పెంచుతాం. ఇప్పుడు నేను ఆంప్‌ని కుర్చీ మీద పెట్టి, వెనక్కి వాల్చి, నా మొహం వైపు తిప్పుతున్నాను. సగం గోల అక్కడే తగ్గింది. ఇంకో భ్రమ కూడా వదిలింది. 30 వాట్ల ఆంప్ 15 వాట్ల దానికి రెట్టింపు గట్టిగా మోగుతుందనుకునేవాణ్ని. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్తంత తేడా. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఈ సంగతి ముందే తెలిసుంటే పద్దెనిమిది కిలోల ఆంప్‌ని మూడంతస్తుల మెట్లు మోసుకెక్కే పని తప్పేది.

రెండు మూడు బ్యాండ్లున్న ప్రోగ్రామ్ అయితే ఒక చిన్న కిటుకు. చివర వాయించేవాళ్లకి ముందు సౌండ్ చెక్ ఇవ్వండి, మొదట వాయించేవాళ్లకి ఆఖర్న. అప్పుడు మొదటి బ్యాండు సెట్టింగులు అలాగే ఉంటాయి, సామాను కూడా కదపక్కర్లేదు. డ్రమ్స్ అందరూ ఒకటే వాడుకోవచ్చు. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, కూర్చునే స్టూలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. ఇది ముందే ఒక మెసేజ్ పెడితే సరిపోయేదానికి, మూడు డ్రమ్ సెట్లు మూడు కార్లలో వచ్చి వెనక గదిలో కొండలా పేరుకుపోయిన రోజులున్నాయి.

సౌండ్ మిత్రులకి విడిగా ఒక మాట. మీ మీద నాకు కోపం లేదు, మీకు ఇచ్చే టైమూ అంతంతమాత్రమేనని తెలుసు. ఒక్కటే అడుగుతాను. నా గిటార్ జాక్‌ని తిన్నగా మిక్సర్‌లో గుచ్చమనకండి. మామూలు గిటార్ పికప్‌కి మెగా ఓమ్ దరిదాపుల్లో ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా పది కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అలా కలిపితే దుప్పటి కప్పినట్టు మోగుతుంది. తర్వాత ట్రెబుల్ ఎంత పెంచినా పోయిన మెరుపు రాదు. డీఐ బాక్స్ మీ దగ్గర లేకపోతే నేను తెస్తాను, ముందు చెప్పండి చాలు. ఇంకోటి, ఖాళీ హాల్లో బాగా కుదిరిన సౌండ్ జనం వచ్చాక మందగిస్తుంది, మనుషులూ బట్టలూ ముఖ్యంగా పైస్వరాలు పీల్చేసుకుంటాయి కాబట్టి. మొదటి పాట సగంలో ఒకసారి లేచి హాలు మధ్యకి నడిచి విని వచ్చే సౌండ్ మనిషి కనపడితే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అలాంటివాళ్లు ఇద్దరు తగిలారు ఇన్నేళ్లలో.

చెవుల గురించి కూడా చెప్పాలి. నా కుడి చెవిలో, డ్రమ్స్ వైపు ఉండే చెవిలో, రాత్రి పడుకున్నాక సన్నటి కూత ఉంటుంది. టీవీ స్టేషన్ ఆగిపోయాక వచ్చేదే, ఆ చప్పుడు. మూడేళ్లుగా ఉంది, పోదని డాక్టర్ చెప్పారు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో కూడా పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. అడిగినవాళ్లకి ఇయర్ ప్లగ్గులు అందుబాటులో ఉంచాలని, కాసేపు చెవులకి విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలని కూడా ఉంది. మా సామాను గదిని ఆ నిశ్శబ్దమైన చోటుగా వాడుకోవచ్చు, కాకపోతే దానికి తలుపు ఉండాలి. "ఇంకొంచెం పెంచండి, ఊపు రావట్లేదు" అని స్టేజీ దగ్గరికి వచ్చి సైగలు చేసే పెద్దమనుషుల్ని కాస్త ఆపండి. నేనిప్పుడు మ్యుజీషియన్ల ప్లగ్గులు పెట్టుకుని వాయిస్తున్నాను. మొదటి రెండు ప్రోగ్రాములు నీళ్లలో మునిగి వాయించినట్టుంది, తర్వాత అలవాటైపోయింది. మా డ్రమ్మర్ మాత్రం పెట్టుకోడు. వాడి ఇష్టం అనడానికి నోరు రాదు నాకు.

చిన్నచిన్నవి కొన్ని. గిటార్‌ని ఏసీ గాలి తిన్నగా తగిలే చోట పెట్టించకండి, గంటసేపు కష్టపడి చేసిన ట్యూనింగ్ పది నిమిషాల్లో పోతుంది. ఆంప్ బల్ల కాదు, దాని మీద గ్లాసులు పెట్టొద్దని చెప్పండి. "మా వాడు కాస్త వాయిస్తాడు, ఒక పాటకి మీ గిటార్ ఇవ్వండి" అని మైకులో అడగొద్దు. అందరి ముందూ కాదనలేక ఇస్తాం, ఆ తర్వాత మాకు ప్రాణం గొంతులో ఉంటుంది.

డబ్బు గురించి ఎక్కువ రాయను. అమెచ్యూర్లం అంటే దీని మీద బతకట్లేదని మాత్రమే అర్థం. స్ట్రింగ్స్ వాడికి, పెట్రోలు వాడికి ఆ సంగతి తెలియదు. "పబ్లిసిటీ వస్తుంది" అనే మాట నేను పదమూడేళ్లుగా వింటున్నాను. ఇవ్వగలిగితే ఎంతో ముందే చెప్పండి, ఇవ్వలేకపోతే అదీ చెప్పండి. నచ్చిన పనికి ఉట్టినే కూడా వచ్చాం, వస్తాం. నిజం చెప్పాలంటే, ఎక్కువ డబ్బూ సౌండ్ చెక్ లేని స్టేజీ ఒక వైపు, కాస్త డబ్బూ గంటసేపు సౌండ్ చెక్ ఒక వైపు పెడితే నేను రెండోదానికే వస్తాను. మా బేస్ వాడు ఒప్పుకోడేమో గానీ వాడినీ లాక్కొస్తాను.

వచ్చే నెల రెండో శనివారం మీలో ఒకరి దగ్గరికి వస్తున్నాం. మెసేజ్‌లో ఓ కాగితం ఫోటో పెట్టాను, చూసే ఉంటారు. గీతలు వంకరగా ఉన్నాయి, బొమ్మలు వేయడం నాకు రాదు. మధ్యలో గుండ్రం డ్రమ్స్, ఎడమ పక్క చతురస్రం కీబోర్డ్, దాని పక్క నక్షత్రం గుర్తు కరెంటు కావాల్సిన చోటు. మొత్తం ఎనిమిది చానెళ్లు. డ్రమ్స్‌కి మైకులు మూడు, బేస్‌కి ఒకటి, గిటార్‌కి ఒకటి, కీబోర్డ్‌కి ఒకటి, గొంతులకి రెండు. ల్యాప్‌టాప్ తీసేశాం. మానిటర్లు రెండున్నా చాలు. మేం అయిదింటికల్లా వస్తాం. స్టేజీ అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మాకే వదిలిపెట్టండి, డాన్స్ పిల్లలకి ఆ తర్వాత ఎంతసేపైనా ఇవ్వండి.

వెనక గేటు ఎటు వైపు ఉందో, అక్కడ మెట్లున్నాయో ర్యాంపు ఉందో ఒక్క మాట రాయండి. ఆంప్ మోసేది నేనే.

ఇట్లు,
మీ పోస్టర్ అడుగున ఉండే బ్యాండులోని గిటారిస్టు